సిమెంటు గచ్చుపై కొయ్యనేల



నేడు మన పల్లెలలో వడ్రంగి యింటికి పోయి చూచినచో పనిసాలలో మట్టినేల అరుదుగా కనిపించును. సిమెంటు వచ్చినది, అలుకుడు తప్పినది, రంపపు పొట్టు ఊడ్చుకొనుట సులువైనది. ఇది మేలే. అయితే ఆ గచ్చుమీద ప్రొద్దుట మొదలు చీకటి పడువరకు నిలుచుండి చిత్రిక పట్టు ముసలివానిని అడిగి చూడుడు. మోకాళ్ళు పీకుచున్నవనియు, అరికాళ్ళు మొద్దువారుచున్నవనియు చెప్పును. పుష్యమాసపు వేకువను ఆ గచ్చుపై కాలు మోపుట మరియు కష్టము. చేజారిన ఉలి దానిమీద పడినచో వాదర విరిగినదే. మరల నూరుటకు అరపూట పట్టును.

ఇట్టి బాధకు చలిదేశములవారు ఒక ఉపాయము చేసికొనియున్నారు. అమెరికా, కెనడా దేశములలో అనేక గృహస్థులు మోటారుబండి నిలుపుకొను కొట్టునే వడ్రంగపు పనిసాలగా మార్చుకొందురు. దాని నేల కాంక్రీటు. దానిపై గట్టి నురుగు పలకలు పరచి, వానిపై ప్లైవుడ్డు బిగించి, కొయ్యనేల చేసికొందురు. మన పల్లెలనుండి ఆ దేశములకు పోయిన పిల్లలు దానిని చూచి, స్వగ్రామమున తండ్రికో మేనమామకో అట్టిదే వేయింపవలెనని కోరుట సహజము. ఆ కోరిక మంచిదే. కాని ఆ నేల అక్కడి చలికి తగినట్లు ఏర్పడినది. దానిని ఉన్నదున్నట్లు ఇక్కడ దింపినచో మూడు నాలుగు వానకాలములలోనే అడుగున కుళ్ళి, చెదలకు ఆహారమగు భయము కలదు. డబ్బు పెట్టునది పిల్లలైనను, ఇంటివద్ద నుండి మంచిచెడ్డలు చూడవలసినవారు మీరు. కనుక ఏది గ్రహింపవలెనో, ఏది విడువవలెనో మీతో ముచ్చటించెదను.

మన పెద్దలు భోజనమునకు పీట వేసికొని కూర్చుండెడివారు. ఆచారమునకు తోడు దానిలో సుఖము కూడ కలదు. గచ్చును పీటను ఒకే గదిలో ఒకే రాత్రి ఉంచి, తెల్లవారి రెంటిపైన చేయి వేసి చూచినచో గచ్చే చల్లగా తోచును. నిజమునకు రెండును ఒకే చల్లదనము కలవి. గచ్చు మన యొంటి వేడిమిని త్వరగా లాగికొనును. కొయ్య అట్లు లాగికొనదు. కాంక్రీటు వేడిమిని ఎంత చురుకుగా తీసికొనిపోవునో, ఆరిన కొయ్య సుమారు అందులో పదియవవంతు మాత్రమే తీసికొనిపోవును. థర్మోకోల్ జాతి నురుగు పలకలు కొయ్యలో సుమారు నాలుగవవంతు మాత్రమే. కొయ్యనేల యనగా గది యంతటికిని పరచిన పీట యనుకొనుడు. పీట కొంచెము వంగును, అదరును. కావున కాలికిని ఉలికిని దెబ్బ తగ్గును.

ఇక అసలు చిక్కు తేమతో వచ్చును. మనము కాంక్రీటును రాయి యనుకొందుము. అది సన్నని రంధ్రములు గలది. కలుపునపుడు సిమెంటు గట్టిపడుటకు కావలసినదానికంటె ఎక్కువ నీరు పోయుదురు; లేనిచో అది పరచుటకు లొంగదు. ఆ మిగులు నీరు ఆవిరియై పోయినపుడు కంటికి కనిపించని దారులు మిగులును. దీపపు వత్తిలోనికి నూనె ఎక్కినట్లు భూమిలోని తడి ఆ దారులవెంట పైకెక్కును. పైన గాలి ఆడుచున్నంత కాలము ఆ తడి వచ్చినది వచ్చినట్లే ఆరిపోవును. కావుననే గచ్చు పొడిగా కనిపించును. బియ్యపు బస్తాయో ట్రంకుపెట్టెయో గచ్చుమీద నెలల తరబడి యుంచి ఎత్తినపుడు దాని అడుగున నల్లని తడిమచ్చ యుండుట మీరందరు చూచినదే. పెట్టె ఆ తడిని తేలేదు, ఆరకుండ మూసినది. కొయ్యనేల కూడ అంత పెద్ద పెట్టెయే. ధాన్యపు గాదెను నేలకు తగులనీయక రాళ్ళమీద నిలిపిన మన పూర్వులు ఈ సంగతిని చక్కగా ఎరిగినవారు.

కావున కొయ్య కొనకముందే గచ్చును పరీక్షింపవలెను. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు గల మందమైన ప్లాస్టిక్ కాగితము తీసికొని, గచ్చుమీద పరచి, నాలుగంచులును గాలి చొరకుండ టేపుతో అంటింపుడు. ఒక పగలు ఒక రాత్రి అట్లే యుంచి ఎత్తి చూడుడు. కాగితపు అడుగుభాగమున నీటిబిందువులు నిలిచినను, గచ్చు నల్లబడినను, క్రిందినుండి తడి వచ్చుచున్నదని నిశ్చయము. గది నడుమ ఒకటి, గోడ ప్రక్కన ఒకటి, చూరునీరు పడు వైపున ఒకటి పెట్టుట మంచిది. ఈ పరీక్ష వేసవిలో చేసి సంతోషింపరాదు. వైశాఖమున పొడిగా నున్న గచ్చు శ్రావణమున తడి కక్కవచ్చును. వాన లెక్కువగా పడు దినములలో చేసినదే పరీక్ష.

క్రొత్తగా పోసిన గచ్చు మాట వేరు. దానిని కనీసము ఏడు దినములు నీటితో తడుపవలెను. కొన్ని మిశ్రమ సిమెంట్లకు పది దినములు. తరువాత అది లోపలివరకు ఆరుటకు అంగుళము మందమునకు ఒక నెల చొప్పున లెక్క వేయుదురు. 4 అంగుళముల గచ్చైనచో 4 నెలలు. గృహప్రవేశపు ముహూర్తము దగ్గర పడినదని తొందరపడి కొయ్య కప్పినవారి నేలలే ముందుగా ఉబ్బును.

పరీక్షలో తడి కనిపించినచో కొయ్య సంగతి కొన్నాళ్ళు ప్రక్కన పెట్టి ఇంటి చుట్టును చూడుడు. చూరునీరు గోడ మొదట పడుచున్నదా? వీధిని ఎత్తుచేసినందున ఇంటి నేలమట్టము పల్లమైనదా? పెరటి స్నానపునీరు గోడ ప్రక్కన నిలుచుచున్నదా? చూరుకు రేకు దోనె కట్టించి, గోడ చుట్టును బయటికి వాలునట్లు గచ్చు చేయించి, నీటికి కాలువ తీసినచో చాల ఇండ్లలో సగము తడి పోవును. ప్రతి వానకాలమునను లోనికి నీరు వచ్చు గదిలో కొయ్యనేల వేయనే కూడదు. అందు నాకు సందేహము లేదు.

చలిదేశముల పద్ధతిలో నురుగు పలక ఎందుకున్నదో ఇప్పుడు చెప్పెదను. మిక్కిలి చల్లని నీరు ఇత్తడి చెంబులో పోసినపుడు చెంబు వెలుపల చెమట పట్టును గదా. ఆ నీరు గాలిలోనిది. 20 డిగ్రీల వేడిమియు నూటికి 50 పాళ్ళ తేమయు గల గాలి సుమారు 9 డిగ్రీల చల్లదనము గల వస్తువును తాకినచో నీరు విడుచును. మంచుకాలమున ఆ దేశములలో గదిని వెచ్చగా నుంచుకొందురు. క్రింద కాంక్రీటు మాత్రము గడ్డకట్టునంత చల్లగా నుండవచ్చును. వెచ్చని గాలి కొయ్యసందులనుండి దిగి ఆ కాంక్రీటును తాకినచో కొయ్య అడుగుననే చెమట పట్టి కుళ్ళు పుట్టును. నురుగు పలక నడుమ నుండి గాలికి కాంక్రీటు తగులకుండ చేయును. అందుచేతనే వారు పలకల నడుమ సందులను కూడ టేపుతో మూయుదురు. క్రింద ప్లాస్టిక్ పట్టా, దానిపై ఒకటి రెండంగుళముల నురుగు పలక, దానిపై అడ్డముగ నొకటి నిలువుగ నొకటి రెండు వరుసల ప్లైవుడ్డు, గోడల వద్ద అరంగుళము ఎడము. ఇదియే వారి నేల. మరికొందరు 16 అంగుళములకు ఒకటి చొప్పున అడ్డబద్దలు పరచి, వాని నడుమ నురుగు పలకలు ఇమిడ్చి, పైన ప్లైవుడ్డు బిగింతురు.

మన దేశమున ఆ చలి ఎక్కడ కలదు? లంబసింగి, చింతపల్లి ప్రాంతపు మన్యములోను, ఆదిలాబాదు వైపునను శీతకాలపు రాత్రులు చాల చల్లనివే. అట్టి చోట్ల ఒక అంగుళపు నురుగు పలక ముసలివారి కాళ్ళకు నిజముగా సుఖము నిచ్చును. తక్కిన మైదానములలో కొయ్య యొక్కటే చాలును. సముద్రతీరమున మరొక విచిత్రము కలదు. 30 డిగ్రీల వేడిమియు నూటికి 80 పాళ్ళ తేమయు గల గాలి 26 డిగ్రీల వస్తువును తాకినను నీరు విడుచును. అందుచేత ముసురు దినములలో గచ్చు తనంతట తానే చెమర్చును. దానిమీద ఉంచిన చిత్రిక ఇనుములు తుప్పు పట్టును. నేతపనివారికి గాలిలో తేమ కొంత మేలు చేయును, తడి తగిలిన నూలుపోగు గట్టిపడి తక్కువ తెగును గనుక. వడ్రంగికి ఆ లాభము లేదు.

మనకు చలికంటె గొప్ప శత్రువు చెద. చెదపురుగు భూమిలోని తడిని విడిచి బ్రతుకజాలదు. అందుచేత మట్టితో సొరంగము కట్టుకొని, గచ్చు పగుళ్ళనుండియు, గోడ మొదటనుండియు కొయ్యకు చేరును. నురుగు పలకను అది ఆహారముగా తినదు గాని తొలిచి దారి చేసికొనును. వెచ్చగా, చీకటిగా, ఎవరి కంటను పడక అందులో తిరుగును. చలిదేశపు పద్ధతిలో నేలను ఒక్క ముక్కగా బిగించి మూసివేయుదురు. అట్టిది ఇక్కడ వేసినచో పైన నునుపు చెడకుండనే అడుగున అంతయు తినివేయబడును. ఒకనాడు కాలు లోనికి దిగినపుడు తెలియును. ఇక అడ్డబద్దల నడుమ బోలుగా విడిచినచో ఎలుకలు చేరును, వానివెంట పాము వచ్చును, తేళ్ళు సరేసరి. ఖర్చు తక్కువగునని బోలులో ఊకయో గడ్డియో నింపుట అంతకంటె చెడ్డది.

కాబట్టి నా సలహా యిది. మన పల్లెలలో కొయ్యనేలను ఎత్తి చూచుటకు వీలగునట్లు, విడివిడి పలకలుగా చేయింపుడు. గచ్చుకు మేకు కొట్టవలదు.

ప్లైవుడ్డు సాధారణముగా 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున అమ్ముదురు. 18 మిల్లీమీటర్ల మందము గలది తీసికొని ఒక్కొక్క రేకును నాలుగు ముక్కలు కోసినచో 4 అడుగులు, 2 అడుగుల పలకలు వచ్చును. ఒక్కొక్క పలక అడుగున నిలువునా మూడు బద్దలు, అంగుళమున్నర వెడల్పు, అంగుళము ఎత్తు గలవి, మరమేకులతో బిగింపవలెను. ఇట్టి పలకను ఒక మనిషి అవలీలగా ఎత్తగలడు. 16 అడుగులు, 12 అడుగుల గదికి 24 పలకలు, అనగా 6 రేకులు పట్టును. గోడ చుట్టును అరంగుళము ఎడముండునట్లు చివరి పలకలను కొంచెము కోయవలెను. కొయ్య వానకాలమున ఉబ్బుటకు చోటు కావలెను గదా. చలిగల ఊళ్ళవారు బద్దల నడుమ అంగుళపు నురుగు పలకను ఇమిడ్చుకొనవచ్చును.

ప్లైవుడ్డులో తరగతులు కలవు. తేమ తగులు చోటికి ఐ.ఎస్. 710 గుర్తు గల మెరైన్ రకము మేలు. ఖరీదెక్కువ, కాని చౌకరకము పొరలు విడిన తరువాత దానిని తిరిగి అతికించు ఉపాయము లేదు. ఏ రకమైనను కోసిన అంచులనుండియే నీరు త్రాగును గనుక అంచులకు రెండుసార్లు రంగు పూయింపుడు. బద్దలకు టేకు చేవ శ్రేష్ఠము. టేకైనంత మాత్రమున చాలదు. చేవ లేని తెల్లని పైభాగమును చెద తినును. ఊరిలో దొరకు వేగిస, మద్ది బాగుగా ఆరినవైనచో పనికివచ్చును. పచ్చి కొయ్య వలదు. బద్దల అడుగుకు తారు పూత వేయించి ఆరనిండు.

పరచుటకు ముందు గచ్చును కడిగి ఆరనిచ్చి, రసమట్టము పెట్టి చూచి, పల్లములను సిమెంటుతో పూడ్పింపవలెను. గచ్చు పగుళ్ళను, గోడ మొదటి సందులను మూయించి, అక్కడ ఎరిగినవానిచేత చెదలమందు పోయింపుడు. అటుపిమ్మట 250 మైక్రాన్ల పాలిథీన్ పట్టా పరచి, ఒక పట్టాపై మరొకటి జానెడు ఎక్కునట్లు చేసి అతుకును టేపుతో మూసి, గోడవైపు రెండంగుళములు పైకి మడువుడు. దానిపై పలకలు చేర్చి పెట్టుటయే. ఒకదాని నొకటి జరుగకుండ ప్రక్కలకు చిన్న కొక్కెములు వేయవచ్చును. గోడల వద్ద ఎడమును గాలి ఆడు సన్నని తీగవల పట్టీతో కప్పినచో తేలు దూరదు.

నేల సుమారు రెండంగుళములు పైకి వచ్చును. తలుపు తెరచుకొనునో లేదో, గడప మునుగునో లేదో ముందే కొలుచుకొనుడు. పలకలు ముగియు చోట మెట్టు వంటి అంచు మిగిలినచో చూపు తగ్గినవారు తట్టుకొని పడుదురు. అక్కడ వాలుగా చెక్కిన కొయ్య అమర్చుట తప్పనిసరి.

బరువు సంగతి కొంచెము లెక్క చూడవలెను. 70 కిలోల మనిషి రెండు పాదములతో నిలిచినపుడు చదరపు సెంటీమీటరుకు పడు బరువు పావుకిలో కంటె తక్కువ. ఎక్స్‌ట్రూడెడ్ పాలిస్టైరీన్ అను గట్టి నురుగు పలక మధ్యరకపుది చదరపు సెంటీమీటరుకు సుమారు 1.75 కిలోలకు నలుగుట మొదలిడును. ఎల్లకాలము నిలుచు బరువైనచో అందులో మూడవవంతు మించనీయరాదు. 400 కిలోల కోతయంత్రము అయిదేసి సెంటీమీటర్ల చదరపు కాళ్ళు నాలుగింటిపై నిలిచినచో ఒక్కొక్క చదరపు సెంటీమీటరుకు 4 కిలోలు పడును. పైన ప్లైవుడ్డు ఆ బరువును కొంత పరచినను, యంత్రపు అదురుతో పలక క్రమముగా నలుగును. కావున భారీయంత్రములను గచ్చుమీదనే నిలిపి, చుట్టును పలకలు పరచుకొనుడు. వస్తువులు చుట్టి పంపు తెల్లని తేలిక థర్మోకోల్ నేలకు పనికిరాదు. కొననే వలసినచో ఘనమీటరుకు 30 కిలోలకు తగ్గని సాంద్రత గలదానిని అడుగుడు.

అగ్ని విషయము మరువరాదు. ఈ నురుగు పలకలు మండును. వాని పొగ ప్రాణాంతకము. కొలిమి యున్న చోట, ఇనుము అతుకు చోట, నిప్పురవ్వలు రాలు రాపిడి యంత్రమున్న చోట కొయ్యనేలయు వలదు, నురుగు పలకయు వలదు. కమ్మరికి గచ్చే మంచిది. కొయ్యకు అవిసెనూనె పూయువారు నూనె గుడ్డలను ముద్దగా చుట్టి మూలకు విసరుదురు. ఆ ముద్ద తనలో తానే వేడెక్కి మండుట కలదు. గుడ్డలను విప్పి ఆరుబయట పరచవలెను, లేక నీటి తొట్టిలో వేయవలెను. విద్యుత్ యంత్రములతో పనిచేయువారికి తడి గచ్చుకంటె పొడికొయ్య క్షేమకరము. అంతమాత్రముచేత భూమితీగ లేకుండ యంత్రము నడుపవచ్చునని అనుకొనరాదు.

ఇంత ఖర్చు పెట్టలేనివారు గది యంతయు కప్పనక్కరలేదు. పనిబల్ల ముందర, మనిషి నిలుచు చోట మాత్రము ఒకటి రెండు పలకలు వేసికొన్నను మోకాళ్ళకు కావలసిన సుఖములో ఎక్కువ భాగము దొరకును. నన్నడిగినచో చాల ఇండ్లకు ఇదియే చాలును. పాత తలుపుల కొయ్యతో అరంగుళము సందులు విడిచి కొట్టిన బల్లచట్రము కూడ పనికివచ్చును. పొట్టు సందులలోనుండి దిగిపోవును, వారమునకు ఒకసారి ఎత్తి ఊడ్చుకొనవచ్చును.

అమావాస్యనాడు ఉలి పట్టని వడ్రంగులు మనలో చాలమంది కలరు. ఆ దినమున పలకలను వరుసగా ఎత్తి చూచుకొనుడు. బద్దల అడుగున తెల్లని బూజు కనిపించినచో ఆ పలకను ఎండలో నిలిపి, ఆ చోట తడి ఎక్కడినుండి వచ్చుచున్నదో వెదకుడు. పట్టామీద గాని గోడమీద గాని మట్టిగీత కనిపించినచో దానిని చీపురుతో దులిపి ఊరకుండరాదు. ఒక చోట కొంచెము గీకి, మరునాడు చూడుడు. గీత మరల పూడినచో చెదలు సజీవముగా నున్నవి. ఆ గీతవెంట పోయి అది గచ్చులోనుండి పుట్టినచోట మందు పోయించి, ఆ పగులును సిమెంటుతో మూయించి, పిమ్మటనే పలకను తిరిగి పెట్టుడు.